మూడు చొక్కాలు, ఆరు చేతిరుమాళ్లు

అమ్మాయికి,

ఆశీస్సులు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ ఇల్లు చూసొచ్చి నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. "నిర్మొహమాటంగా చెప్పండి మాస్టారూ, టెన్షన్‌గా ఉంది" అన్నావు. నీ వాక్యం బాగుంది, వినసొంపుగా ఉంది. అయితే ట్రామ్, టికెట్టు, వాన, కాఫీ అంటూ పేజీన్నర గడిస్తే గానీ నువ్వు గుమ్మం దాటలేదు. లోపలికి వెళ్లాక "ఆయన ఊపిరి ఇంకా ఆ గోడల్లో ఉంది" అన్నావు. "ఆయన పడుకున్న మంచం చూసి కళ్లు చెమర్చాయి" అన్నావు. నేను పెన్సిలు ఆపింది అక్కడే.

ఆ మంచం ఆయనది కాదమ్మా.

గోడలో బీరువాలా బిగించిన ఆ మంచమూ, కుర్చీలూ, వంటింటి సామానూ అన్నీ ఆ కాలానివో, ఆ కాలపు పద్ధతిలో చేయించినవో. రెంబ్రాంట్ వెళ్లిపోయాక ఆ ఇల్లు చేతులు మారింది, లోపలి గదులు మారిపోయాయి. ఆయన పుట్టి మూడు వందల ఏళ్లయిన సందర్భంలో నగరం దాన్ని కొని బాగుచేయించింది. 1911లో మ్యూజియంగా తెరిచారు. నువ్వు చూసిన గదుల రూపం వచ్చింది 1990ల చివర్లో. అంటే ఆ లోపలి వరస వయసు నీ వయసంత.

ఇది నిన్ను చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. నేనూ ఈ తప్పు చేశాను. ముప్పై ఏళ్ల కిందట కోస్తాలో ఒక కవిగారి ఇల్లు చూసి, ఆయన కూర్చుని రాసుకున్న కుర్చీ అంటూ ఒక పేజీ నిండా కన్నీళ్లు పెట్టించాను. అచ్చయిన పదిరోజులకు ఆ కుటుంబంలోని పెద్దావిడ నుంచి కార్డు వచ్చింది. ఆ కుర్చీ కవిగారు పోయాక ఎవరో తెచ్చి పడేసిందట. ఆవిడ కోప్పడలేదు. "బాబూ, ఆయన చాప మీద కూర్చునేవారు" అని ఒక్క మాట రాశారు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. చాప సంగతి అడిగి తెలుసుకుని ఉంటే నా వ్యాసం ఎంత బతికేదో!

సరే, మంచం ఆయనది కానప్పుడు ఆ ఇంట్లో ఆయనది ఏముంది? నీ వ్యాసం ఈ ప్రశ్నతో మొదలవ్వాలని నా కోరిక.

ఒక జాబితా ఉంది. 1639లో రెంబ్రాంట్ 13,000 గిల్డర్లకు (అప్పటి డచ్చి నాణెం) ఆ ఇల్లు కొన్నాడు. చాలా వరకు అప్పు. ఆర్డర్లు బాగా వస్తున్న రోజులు కాబట్టి తీర్చేయొచ్చనుకున్నాడు. తీర్చలేదు. పాత బొమ్మలు, శంఖాలు, పగడాలు, శిరస్త్రాణాలు, రోమన్ చక్రవర్తుల తలల విగ్రహాలు కనబడితే చాలు, వేలంలో కొనేసేవాడు. 1653లో ఇల్లు అమ్మినవాళ్లు బాకీ కోసం గట్టిగా పట్టుబట్టారు. 1656లో దివాలా. ఆ జులై 25, 26 తేదీల్లో అధికారులు వచ్చి గదిగదికీ తిరిగి ఉన్న వస్తువులన్నీ రాసుకున్నారు. మొత్తం 363 పద్దులు. ముందుగదిలో ఏ బొమ్మలున్నాయి, పైన సేకరణ గదిలో ఏ అరలో ఏముంది, వంటింట్లో ఏముంది, అన్నీ. ఇప్పుడు మ్యూజియం వాళ్లు ఆ గదులను మళ్లీ అమర్చింది ఆ కాగితం చేతిలో పెట్టుకునే. ఒక మనిషి ఆస్తి ఊడ్చుకుపోవడానికి రాసిన పట్టీ, 340 ఏళ్ల తర్వాత అతని ఇంటిని నిలబెట్టింది.

ఆ జాబితా చివరికి వెళ్లు. చలవకు వేసిన బట్టల పద్దు ఒకటుంటుంది: మూడు మగవాళ్ల చొక్కాలు, ఆరు చేతిరుమాళ్లు, పన్నెండు నాప్‌కిన్లు, మూడు బల్లగుడ్డలు, ఇంకా కొన్ని కాలర్లు. ఇంట్లో లేని బట్టలను కూడా వదల్లేదు. నేను ఆ పద్దు చదివిన రోజు ఇంకేమీ చదవలేకపోయాను. అంత పెద్ద చిత్రకారుడు, చాకిరేవు నుంచి ఇంకా తిరిగిరాని తన చొక్కాలను ఎవరో లెక్కపెడుతుంటే అదే ఇంట్లో ఉన్నాడు. నువ్వు మంచం దగ్గర కార్చిన కన్నీరు ఇక్కడ కార్చు తల్లీ. ఇక్కడ అది నిజం.

ఆయన చెయ్యి పడిన వస్తువులు కావాలంటే రెండు మట్టికుండలున్నాయి. 1997లో ఇంటి వెనక పాత మరుగుదొడ్డి గుంత తవ్వితే దొరికాయి. కాన్వాసు మీద రంగు వెయ్యడానికి ముందు పూసే పూత మడ్డి వాటిలో ఇంకా అంటుకుని ఉంది. నీ వ్యాసంలో వాటి ఊసే లేదు. చూడలేదా, చూసీ రాయడానికి తగవనుకున్నావా?

రెంబ్రాంట్ భార్య సాస్కియా గురించి రాసింది బాగానే ఉంది. ఇంకాస్త దగ్గరికి వెళ్లు. ఆ ఇంట్లోకి వచ్చాక 1640లో పుట్టిన ఆడపిల్ల నెల కూడా నిండకుండానే పోయింది. అంతకు ముందే ఇద్దరు పోయారు. 1641లో కొడుకు టీటస్ పుట్టాడు. వాడికి తొమ్మిది నెలలప్పుడు, 1642 జూన్‌లో, తల్లి పోయింది. రెంబ్రాంట్ గీసిన రేఖాచిత్రాల్లో మంచం మీద ఉన్న సాస్కియా మళ్లీమళ్లీ కనిపిస్తుంది. ఆ మంచం పోతే పోయింది, కాగితం మీద ఆయన చూసిన మంచం ఉంది. దాన్ని వర్ణించు.

గీర్ట్యె డిర్క్స్ పేరు నువ్వు ఎత్తలేదు. ఇక్కడ మాత్రం నీతో గట్టిగానే మాట్లాడతాను. తల్లి లేని టీటస్‌ను పెంచడానికి ఆ ఇంటికొచ్చిన మనిషి ఆమె. పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి తప్పాడని 1649లో ఫిర్యాదు చేసింది. ఏడాదికి 200 గిల్డర్లు ఇవ్వమని తీర్పొచ్చింది. మరుసటి ఏడాది ఆమెను గౌడా ఊళ్లో ఆడవాళ్ల నిర్బంధ గృహంలో పెట్టారు, ఐదేళ్లు ఉంచారు. అందులో రెంబ్రాంట్ ప్రమేయం ఉంది. ఆమె కూడా ఆ మెట్లే ఎక్కింది, ఆ వంటింట్లోనే తిరిగింది. గొప్పవాడి ఇంటికి వెళ్లినప్పుడు గుమ్మంలో చెప్పులు విడిచినట్టు మన న్యాయబుద్ధిని కూడా విడిచి వెళ్తాం. అలా వెళ్లకు. తిట్టమని అనడం లేదు. ఆమెకు నాలుగు వాక్యాలివ్వు, చాలు.

నువ్వు రాయగలిగి, అక్కడివాళ్లు అంత ఆత్రంగా రాయని విషయం ఇంకొకటుంది. సుమారుగా ఆ దివాలా రోజుల్లోనే రెంబ్రాంట్ మొగలాయి సూక్ష్మచిత్రాలను ముందు పెట్టుకుని, ఆసియా నుంచి వచ్చిన కాగితం మీద వాటిని చూసి దించాడు. ఇరవైకి పైగా మిగిలాయి. షాజహాన్ ఇంకా బతికుండగానే ఆయన రూపం ఆమ్‌స్టర్‌డామ్‌లో రెంబ్రాంట్ కలం కిందికి వచ్చింది. చెట్టు కింద నేల మీద కూర్చున్న నలుగురు పెద్దమనుషుల బొమ్మ ఒకటుంది. 1656లో బైబిల్లోని అబ్రహాం ఇంటికి దేవదూతలు భోజనానికి వచ్చిన ఘట్టాన్ని ఎచింగ్‌గా, అంటే రాగిరేకు మీద గీసి అచ్చుతీసే బొమ్మగా, చేసినప్పుడు ఆ నేల మీద కూర్చునే తీరునే వాడుకున్నాడు. కుర్చీల దేశంలో దేవదూతలను నేల మీద కూర్చోబెట్టాడు! మీ అమ్మమ్మగారిది బందరు కదా, నీకిది తగలకుండా ఎలా ఉంటుంది? ఆ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్లు బందరులో గిడ్డంగి పెట్టి మన అద్దకం బట్టలు ఓడలకెక్కించారు. అయితే జాగ్రత్త, ఆ బొమ్మలు బందరు రేవు నుంచే వెళ్లాయని మాత్రం ఊరి మీది ప్రేమతో అతికించకు. బందరును పక్కన నిలబెడితే చాలు, పాఠకుడే చూసుకుంటాడు.

మళ్లీ వెళ్లు. శని, ఆదివారాలు వద్దు, జనం తోస్తారు. ఫోన్ సంచిలో పెట్టేసి చిన్న నోటుబుక్కు పట్టుకెళ్లు. ఎచింగ్ చేసి చూపించే గదిలో ఒక పూటంతా కూర్చో. రాగిరేకు మీద మైనం పూత, దాని మీద సూదిగీత, ఆ గీతలోకి ఆమ్లం దిగడం, సిరా రుద్ది తుడవడం, చివర్న ప్రెస్ చక్రం తిప్పడం. అక్కడ పనిచేసే మనిషి చేతులు చూడు, గోళ్లలో సిరా ఉంటుంది. ఏ దశలో పని చెడిపోతుందో అడుగు. అవిసెనూనెలో రంగుపొడి నూరుతుంటే వచ్చే వాసన మన ఇళ్లలో తలుపులకు రంగులు వేసిన రోజుల వాసనలా ఉందో లేదో నీ ముక్కుతో తేల్చుకో. ఆరేళ్ల కిందట మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు నేను అక్కడ ఉన్నది గంటే. ఆ వెలితి నాకు ఇంకా ఉంది.

1658లో ఇల్లు 11,218 గిల్డర్లకు వేలంలో పోయింది. ఆయన రోజెన్‌గ్రాఖ్ట్‌లో అద్దె ఇంటికి మారాడు, 1669లో పోయాడు, వెస్టర్‌కెర్క్ చర్చిలో అద్దె సమాధిలో పెట్టారు. వీలైతే మ్యూజియం నుంచి అక్కడిదాకా నడిచి వెళ్లు, ట్రామ్ ఎక్కకు. దారిలో ఏం తోచినా ఆ రాత్రే రాసిపెట్టుకో.

పాత వ్యాసం చించకు, పక్కన పెట్టు. కొత్తది చలవకు వేసిన ఆ మూడు చొక్కాలతో మొదలుపెట్టి పంపు. సంక్రాంతికి వస్తావుగా, ఈసారి రెండు రోజులు ఎక్కువ ఉండు. రాజమండ్రి వెళ్దాం, దామెర్ల రామారావు గ్యాలరీ చూద్దాం. ఇరవయ్యెనిమిదేళ్లయినా నిండకుండానే పోయిన మనిషి. ఆయన బొమ్మల ముందు నువ్వు ఏం అడుగుతావో వినాలని ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు