మా వరండాలో కానిస్టేబుల్ కుర్చీ

"నిరసనల్ని పోలీసులు అణచివేయడం వల్ల వాక్‌స్వేచ్ఛకి నిజంగా అంత ముప్పు ఉందా? మీకు ఎప్పుడైనా ఎదురైందా?" అని అడిగారు. ఎదురైంది. అయితే మీరు అనుకునే లాఠీలు, టియర్ గ్యాస్ కాదు. నా మీద ఎవరూ చెయ్యెత్తలేదు, గొంతు కూడా పెంచలేదు. ఒక అబ్బాయి పొద్దున్నే వచ్చి మా వరండాలో కుర్చీలో కూర్చున్నాడు, అంతే. నన్నడిగితే లాఠీ కంటే ఆ కుర్చీయే ప్రమాదం. కాస్త సోది ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను 2008 డీఎస్సీ టీచర్ని. గుంటూరు వైపు ఒక పల్లెటూళ్ళో చిన్నపిల్లలకి పాఠాలు చెప్తాను. 2022 జనవరి 17న పీఆర్సీ (జీతాల సవరణ) జీవోలు వచ్చాయి. అప్పటికి రెండున్నరేళ్ళుగా 27 శాతం ఐఆర్, అంటే పీఆర్సీ వచ్చేదాకా ఇచ్చే మధ్యంతర భృతి, తీసుకుంటున్నాం. తీరా ఫిట్‌మెంట్, అంటే కొత్త జీతంలో కలిపే అసలు పెంపు, 23 శాతమే అన్నారు. పల్లెల్లో పనిచేసేవాళ్ళకి ఇంటద్దె భత్యం 8 శాతానికి దించారు. పీఆర్సీ అంటే జీతం పెరగడమే అనుకునే మా అత్తయ్య "అదేంటే, పెట్టిన చేత్తోనే లాక్కున్నారా?" అంది. నాలుగు పేజీల కరపత్రంలో మా సంఘం చెప్పలేకపోయిన విషయం అది.

ఫిబ్రవరి 3న చలో విజయవాడ అన్నారు. కోవిడ్ నిబంధనలున్నాయి కాబట్టి అనుమతి లేదని పోలీసులు చెప్పారు. నేను మా సంఘానికి మండల కోశాధికారిని. పేరు గొప్పగానే ఉంటుంది, చేసేది చందా రసీదులు రాయడం. ఒకటో తారీకు సాయంత్రం స్టేషన్ నుంచి ఫోను. "మేడమ్, మీ పేరు లిస్టులో ఉంది, ఎక్కడికీ వెళ్ళొద్దండి." ఏ లిస్టు, ఎవరు రాశారు అంటే జవాబు లేదు. రసీదు పుస్తకం మీద నా సంతకం చూసి ఉంటారని ఇప్పటికీ నా అనుమానం.

రెండో తారీకు రాత్రి నోటీసు తెచ్చారు. సీఆర్‌పీసీ, అంటే నేర విచారణ చట్టం, సెక్షన్ 149. చదివి సంతకం పెడతానంటే, తెచ్చినాయన "చదవడానికేముంది మేడమ్, అందరికీ ఒకటే" అని పెన్ను చేతికిచ్చాడు. పెట్టేశాను. చదవకుండా ఎక్కడా సంతకం పెట్టొద్దని పిల్లలకి చెప్పేది నేనే మరి.

మా వాళ్ళు పథకం వేసుకున్నారు. పట్టుచీరలు కట్టుకుని, చేతిలో శుభలేఖలు పట్టుకుని, పెళ్ళివారిలాగా రెండు ఆటోల్లో బయల్దేరడం. నా చీర కూడా ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. నాలుగున్నరకి ఆటో వస్తుందంటే, నాలుగింటికే గేటు చప్పుడైంది. పాతికేళ్ళుంటాయేమో, మఫ్టీలో ఉన్నాడు. చలికి మఫ్లర్ చుట్టుకున్నాడు. "సాయంత్రం దాకా మీ ఇంటి దగ్గరే డ్యూటీ మేడమ్" అన్నాడు, తప్పు చేసినవాడిలాగా. వీధిలో నిలబడితే అందరికీ తెలుస్తుందని అత్తయ్యే లోపలికి పిలిచి వరండాలో కుర్చీ వేసింది. ఆటో మా సందు మొదట్లో ఒక నిమిషం ఆగి వెళ్ళిపోయింది.

గంటకోసారి లేచి వచ్చేవాడు. "మేడమ్, ఒక్క ఫొటో." నేను ఇంట్లోనే ఉన్నానని వాళ్ళ గ్రూపులో పెట్టాలట. అంట్లు తోముతూ ఒకటి, కూర తరుగుతూ ఒకటి, అత్తయ్యకి బీపీ మాత్ర ఇస్తూ ఒకటి. నా పెళ్ళిలో కూడా నాకు అన్ని ఫొటోలు తీయలేదు. తొమ్మిదింటికి అత్తయ్య ఉప్మా పెట్టింది. మొహమాటపడుతూనే తిన్నాడు. తిన్నాక ప్లేటు తనే కడగబోయాడు కూడా. అబ్బాయి మంచివాడే, ఆ మాట దాచను.

పదకొండింటప్పుడు మెల్లగా అడిగాడు. "మేడమ్, ఈ పీఆర్సీలో మాకెంత వస్తుందండీ? మా స్టేషన్లో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు."

బేసిక్ చెప్పమన్నాను. చెప్పాడు. ఇంట్లో తెల్ల కాగితం వెతుక్కునే ఓపిక లేక, రాత్రి వాళ్ళు నాకిచ్చిన నోటీసు వెనకాలే లెక్క వేశాను. ఐఆర్ తీసేసి, ఫిట్‌మెంట్ కలిపి, కొత్త రేటు ప్రకారం ఇంటద్దె వేసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన రాసి చూపించాను. పోలీసులదీ అదే పీఆర్సీ కదా. కాసేపు ఆ అంకెల వంకే చూశాడు. లెక్కకి ఫొటో తీసుకున్నాడు, నా ఫొటోలు తీసిన ఫోనుతోనే. ఇంతలో అదే ఫోను మోగింది. "ఆ సార్, ఇంట్లోనే ఉన్నారు సార్, ఇప్పుడే చూశాను సార్" అన్నాడు.

మధ్యాహ్నం టీవీ పెడితే విజయవాడ బీఆర్టీఎస్ రోడ్డు కిక్కిరిసిపోయి ఉంది. వేలమంది. చెక్‌పోస్టులు, బస్సుల్లో తనిఖీలు, నోటీసులు అన్నీ దాటుకుని వెళ్ళారు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ "ఇంతమంది ఎట్లా పోయారు మేడమ్?" అని ఆశ్చర్యపోయాడు. పెళ్ళికి వెళ్ళారు నాయనా అన్నాను. నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నా దగ్గర చందా కట్టినవాళ్ళంతా ఆ రోడ్డు మీద ఉన్నారు, నేను టీవీ ముందున్నాను.

ఇక్కడితో అయిపోతే ఇంత రాసేదాన్ని కాదు. పొద్దున పాలబ్బాయి కుర్చీలో మనిషిని చూశాడు. "ఏమ్మా, ఏదన్నా కేసా?" అన్నాడు. సాయంత్రానికి ఊళ్ళో మూడు కథలు నడిచాయి. మా ఆయన ఎవరికో అప్పు ఎగ్గొట్టాడని ఒకటి, భూమి తగాదా అని ఒకటి. మూడోది వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మధ్యాహ్న భోజనంలో పిల్లల గుడ్లు నేను అమ్ముకున్నానట! వారం తర్వాత ఒక పిల్లాడి నాయనమ్మ బడికొచ్చి గుడ్లు లెక్కపెట్టుకుని వెళ్ళింది. పీఆర్సీ గురించి ఆవిడకి నేనేం చెప్పను?

ఇప్పుడు మీ ప్రశ్నకొస్తాను. లాఠీ దెబ్బ కనిపిస్తుంది. పేపర్లో ఫొటో వస్తుంది, కోర్టుకి వెళ్ళచ్చు, ఎన్నికల్లో అడగచ్చు. 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీల మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. ఏటా ఆ తేదీకి ఇంకా తలుచుకుంటున్నాం. మా వరండాలో కుర్చీకి తేదీ ఎవరు పెట్టుకుంటారు? నన్ను అరెస్టు చేయలేదు కాబట్టి బెయిలు లేదు. కేసు పెట్టలేదు కాబట్టి కొట్టేయమని హైకోర్టుకి వెళ్ళే పనీ లేదు. టీవీల వాళ్ళు హౌస్ అరెస్ట్ అంటారు గానీ, సీఆర్‌పీసీ మొత్తం గాలించినా ఆ మాట దొరకదు. 149 అంటే నేరం జరగకుండా పోలీసులు అడ్డుపడొచ్చని. 151 కింద ముందస్తు అరెస్టు చేసినా 24 గంటలు దాటి ఉంచుకోవాలంటే వేరే ఆధారం కావాలి. వరండాలో కూర్చోబెడితే ఆ బాధ కూడా లేదు. 2024 జులై నుంచి కొత్త చట్టం వచ్చి 149 కాస్తా 168 అయింది, 151 కాస్తా 170 అయింది, జనం గుమిగూడకుండా ఆపే 144 కాస్తా 163 అయింది. మళ్ళీ నంబర్లు బట్టీ పట్టుకోవాల్సి వచ్చింది తప్ప మాకు ఒరిగిందేమీ లేదు.

ఈ సైట్లోనే ఒకాయన "రాజ్యాంగంలో 19వ అధికరణం ఉండగా భయమెందుకు" అని రాశారు. ఉంది సార్. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు అందులోనే ఉంది. 144ని న్యాయమైన అభిప్రాయాన్ని అణచడానికి వాడకూడదని 2020 జనవరిలో కాశ్మీర్ ఇంటర్నెట్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ తీర్పు మా ఊరి దాకా రావడానికి బస్సు లేదు.

ఇంకొకరు ఇదంతా ఫలానా పార్టీ పాపం అన్నారు. అదొక్కటి మాత్రం ఒప్పుకోను. పక్క రాష్ట్రంలో చూడండి. ధర్నాలతో, రాస్తారోకోలతో తెలంగాణ తెచ్చుకున్న పార్టీ అధికారంలోకొచ్చి, 2017లో హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గర ధర్నాచౌక్‌నే మూసేసింది. 2018లో హైకోర్టు చెప్తే గానీ తెరుచుకోలేదు. 2021 నవంబరు 18న వడ్ల కొనుగోలు మీద సాక్షాత్తూ ముఖ్యమంత్రి కేసీఆరే వచ్చి అక్కడ కూర్చున్నారు! మా దగ్గర 2023 జనవరిలో రోడ్ల మీద సభలు వద్దని జీవో నంబర్ 1 తెచ్చారు. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల్లో జనం చనిపోయిన మాట నిజమే. కానీ ఆ వంకతో తెచ్చిన జీవో మే నెలలో హైకోర్టులో నిలబడలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ప్రతి నాయకుడూ తన గేటు దగ్గర పోలీసుల్ని చూపించి ప్రజాస్వామ్యం ఖూనీ అంటాడు. కుర్చీ ఎక్కాక అదే లిస్టు తీసి కొత్త పేర్లు రాయిస్తాడు.

మా సంఘాల పెద్దల గురించి రాయాలంటే ఇంకో జవాబు కావాలి. ఏడో తారీకు నుంచి సమ్మె అన్నారు. చలో విజయవాడ అయ్యి మూడు రోజులు తిరక్కుండానే, సమ్మె మొదలవకముందే చర్చలు ముగించి విరమించారు. ఇచ్చిన ఐఆర్ వెనక్కి వసూలు చేయడం మానుకున్నారు, ఇంటద్దె కాస్త సవరించారు, ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఉండిపోయింది. అందుకా నేను గుడ్ల దొంగనయ్యింది అని మా ఆయన దగ్గర అరిచాను, పాపం ఆయనకేం సంబంధం.

లాఠీ దెబ్బ తిన్నవాడు కోపంతో మళ్ళీ వస్తాడు, ఇది నా నమ్మకం. కుర్చీ చూసిన ఇంటివాళ్ళు రెండోసారి గడప దాటనివ్వరు. మీకు రుజువు కావాలంటే నేనే ఉన్నాను. ఆ ఏడాదే సెప్టెంబరు 1కి సీపీఎస్ (మా జీతంలోంచి కోత పెట్టే కొత్త పెన్షన్ పథకం) రద్దు చేయమని విజయవాడ పిలుపు వచ్చింది. 2004 సెప్టెంబరు తర్వాత చేరినవాళ్ళం, పాత పెన్షన్ లేనివాళ్ళం, ఆ రోజు వెళ్ళాల్సిన మొదటి మనిషిని నేను. ఆగస్టులో గ్రూపులో పేర్లు అడిగారు. అత్తయ్య ఏమీ అనలేదు, వరండాలో కుర్చీ తీసి పెరట్లో పెట్టింది. నేను ఫోను తీసి, జ్వరంగా ఉంది, ఈసారికి రాలేను అని పెట్టాను. తర్వాత ఆ కార్యక్రమమే వాయిదా పడిందనుకోండి. కానీ నేను ఆ మెసేజ్ పెట్టేనాటికి స్టేషన్ నుంచి ఫోను రాలేదు, నోటీసు రాలేదు, మా సందులోకి ఒక్క పోలీసు కూడా రాలేదు. నాకు జ్వరమూ లేదు.