హెచ్‌బీసీయూలో ఎమ్మెస్ సీటొచ్చింది, ‘ఎ డిఫరెంట్ వరల్డ్’ చూసి వెళ్ళాలా?

అమెరికాలో ఒక హెచ్‌బీసీయూలో (హిస్టారికల్లీ బ్లాక్ కాలేజ్ లేదా యూనివర్సిటీ) ఎమ్మెస్ అడ్మిట్ వచ్చిందనీ, అక్కడి సీనియర్ ఒకాయన ‘ఎ డిఫరెంట్ వరల్డ్’ అనే పాత సిట్‌కామ్ చూసి రమ్మన్నాడనీ రాశారు. ముప్ఫై ఏళ్ళు దాటిన కామెడీ ఇప్పుడు చూడగలమా అని మీ ప్రశ్న. తప్పకుండా చూడండి. నేనూ అలాంటి యూనివర్సిటీలోనే చదివాను. కానీ చేరాక చూశాను. ముందే చూసుంటే మొదటి నెల అంత టెన్షన్ పడేవాణ్ణి కాదు.

వేరే కాలేజీలు నల్లజాతి పిల్లల్ని గేటు దగ్గరే ఆపేసిన కాలంలో వాళ్ళ కోసం పుట్టిన కాలేజీలివి. ఇప్పుడు ఎవరైనా చేరొచ్చు. నాకు అడ్మిట్ వచ్చిన రోజు మా బాబాయి ఫోన్ చేసి “ఇంకెక్కడా రాలేదారా?” అన్నాడు. ఆయనకు తెలిసిన నల్లవాళ్ళంతా ఇంగ్లిష్ సినిమాల్లో తుపాకీ పట్టుకుని కనిపించేవాళ్ళే. నిజం చెప్పాలంటే నాకూ అంతకంటే తెలీదు.

ఈ సిట్‌కామ్ 1987 నుంచి 1993 దాకా అమెరికా టీవీ చానల్ ఎన్‌బీసీలో వచ్చింది. వర్జీనియాలో హిల్‌మన్ అనే కల్పిత కాలేజీ, అందులో హాస్టలూ క్లాసులూ, ‘ద పిట్’ అనే క్యాంటీనూ. విట్లీ గొప్పింటి పిల్ల, నేల మీద కాలు పెట్టదు. డ్వేన్ లెక్కల్లో దిట్ట, కళ్ళజోడు మీద పైకి లేపే నల్లద్దాలు. కిమ్ డాక్టర్ కావాలని క్యాంటీన్‌లో పనిచేస్తూ చదువుతుంది. జలీసా విడాకులయ్యాక మళ్ళీ పుస్తకం పట్టింది. ఫ్రెడ్డీకి ఏ అన్యాయం కనపడినా ఊరుకోబుద్ధి కాదు. అందరూ నల్లవాళ్ళే, ఒకరిలా ఇంకొకరు ఉండరు. క్యాంపస్‌లో అడుగుపెట్టిన నాకు తెలియాల్సింది సరిగ్గా ఇదే.

మొదటి సీజన్ నీరసంగా ఉంటుంది, వదిలేసినా నష్టం లేదు. రెండో సీజన్ నుంచి డెబీ అలెన్ అనే దర్శకురాలి చేతికొచ్చింది. ఆవిడ హోవర్డ్ యూనివర్సిటీ అనే హెచ్‌బీసీయూలోనే చదివిన మనిషి. ఆ జీవితం లోపలి నుంచి తెలుసు కాబట్టే అక్కణ్ణుంచి కథ కాలేజీ వాసన పట్టుకుంది. అప్పట్లో నల్లవాళ్ళని అణిచేస్తున్న దక్షిణాఫ్రికాతో వ్యాపారం చేసే కంపెనీ ఇచ్చే స్కాలర్‌షిప్ తీసుకోవాలా వద్దా అని కిమ్ నలిగిపోయే ఎపిసోడ్ చూడండి. డబ్బు లేని పిల్లకి ఆ ప్రశ్న ఎంత బరువో తెలుస్తుంది. 1991 ఏప్రిల్‌లో వచ్చిన ఇంకో ఎపిసోడ్‌లో, ఎవరి సంతాప ప్రసంగం వాళ్ళే రాసుకుని క్లాసులో చదవమంటుంది టీచరు. ఆ పాత్ర నటి వూపీ గోల్డ్‌బర్గ్‌ది. ఒకమ్మాయి లేచి తనకు హెచ్‌ఐవీ ఉందని చెబుతుంది. బాస్కెట్‌బాల్ స్టార్ మ్యాజిక్ జాన్సన్ తనకు హెచ్‌ఐవీ ఉందని బయటపెట్టడానికి ఇంకా ఏడు నెలలుంది అప్పటికి. కామెడీ షోలో ఆ మాట ఎత్తడానికి ఎంత గుండె కావాలి!

నేను దీన్ని మొదట చూసింది మా ల్యాబ్‌లో పనిచేసే డిగ్రీ అమ్మాయి రూములో. పాత విద్యార్థులు కాలేజీకి తిరిగొచ్చే పండగ, హోమ్‌కమింగ్‌కి వాళ్ళమ్మ జార్జియా నుంచి వచ్చారు. విట్లీ వేరొకతన్ని పెళ్ళాడబోతుంటే డ్వేన్ పెళ్ళి మధ్యలోనే “బేబీ, ప్లీజ్!” అని అరిచే చోటు వచ్చింది. ఆవిడ చేతిలో ప్లేటు పక్కన పెట్టేసి, అతనికంటే ముందే ఆ మాట అనేశారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. “మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు బాబూ. కాలేజీ అంటే ఏంటో నేను చూసింది గురువారం రాత్రి ఈ అరగంటలోనే” అన్నారు. తర్వాత ఆ ఇంట్లో మొదటి డిగ్రీ ఆవిడదే, రెండోది కూతురిది అవుతోంది. ఈ షో చూసి హెచ్‌బీసీయూల్లో చేరామని చెప్పేవాళ్ళు అక్కడ మీకు చాలామందే తగులుతారు.

యాస, ఆనాటి స్లాంగు మొదట్లో పట్టుకోవడం కష్టం. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. పెళ్ళి ఎపిసోడ్ మాత్రం ముందు చూడొద్దు. వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి పోట్లాడుకోవడం చూశాకే దాని రుచి తెలిసేది. ఇంకో మాట, హోమ్‌కమింగ్ వారంలో అసైన్‌మెంట్లేవీ మిగలకుండా ముందే చేసేసుకోండి.