ముందు ఇసుకను చూడటం నేర్చుకో

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మెటల్ డిటెక్టర్ కొనుక్కుని నాతోపాటు బీచ్‌కి రావాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఏ మెషీన్ కొనాలని అడిగావట. చెబుతాను కానీ, దానికంటే ముందు తెలుసుకోవాల్సింది ఈ ఒడ్డు గురించి. ఇక్కడ ఖరీదైన మెషీన్లు పట్టుకుని సోడా డబ్బాల మూతలు తప్ప ఏమీ దొరక్కుండా తిరిగి వెళ్లేవాళ్లని రోజూ చూస్తుంటాను. ఇసుక ఎక్కడ కోసుకుపోయిందో, ఎక్కడ కొత్తగా మేట వేసిందో గమనించేవాళ్లకు మామూలు మెషీన్‌తోనే పాత నాణేలు దొరుకుతాయి.

ఫ్లోరిడాలో మేముండే ఈ తీరాన్ని ట్రెజర్ కోస్ట్ అంటారు. 1715 జులైలో స్పెయిన్ ఓడలు అమెరికా ఖండపు వెండీ బంగారం నింపుకుని హవానా నుంచి బయలుదేరాయి. జులై 31 తెల్లవారుజామున తుపానులో చిక్కి పదకొండు ఓడలు ఈ తీరంలో మునిగాయి. వెయ్యి మంది దాకా పోయారు. బతికి ఒడ్డుకు చేరినవాళ్లు దిబ్బల మీద గుడారాలు వేసుకున్నారు. వాళ్ల శిబిరం ఉన్నచోటే ఇప్పుడు మెక్‌లార్టీ ట్రెజర్ మ్యూజియం ఉంది. వచ్చిన రోజే నిన్ను అక్కడికి తీసుకెళ్తాను. అది చూడకుండా ఇసుక తవ్వడం నాకు నచ్చదు తల్లీ. మనం వెతికేది అంతమంది ప్రాణాలు పోయినచోట.

మునిగిన ఓడల నుంచి నాణేలు ఇప్పటికీ అప్పుడప్పుడూ ఒడ్డుకొస్తాయి. వబాసో, టర్టిల్ ట్రెయిల్ బీచ్‌లు ఇందుకు పేరుపడ్డవి. అయితే ఏ రోజు వెళ్తే ఆ రోజు దొరకవు. చలికాలంలో ఈశాన్యపు గాలి రెండు మూడు రోజులు ఆగకుండా వీచి, పెద్ద అలలు ఒడ్డును కోసేయాలి. సముద్రం చేటతో చెరిగినట్టు తేలిక ఇసుకను లాక్కెళ్లి, బరువైనవాటిని వెనక వదిలేస్తుంది. మర్నాడు వెళ్లి చూస్తే ఒడ్డు మెట్టులా తెగి ఉంటుంది. ఆ మెట్టు కింద గుల్లలూ చిన్న రాళ్లూ నల్ల ఇసుకా చారలా పరుచుకుని కనిపిస్తే అక్కడ ఆగు. నాణెం కూడా బరువైనదే, వాటితోనే ఉంటుంది. మెత్తటి తెల్లటి ఇసుక ఎత్తుగా మేట వేసినచోట మాత్రం ఎంత తిరిగినా లాభం లేదు. పాత పొర మెషీన్ కింది చివర ఉండే గుండ్రటి కాయిల్ అందుకోలేనంత లోతుకు పోయి ఉంటుంది. ఇంకో మాట. కోత ఆపడానికి కౌంటీ (ఇక్కడి జిల్లా లాంటిది) వాళ్లు బయటి నుంచి ఇసుక తెచ్చి పోస్తుంటారు. కొత్తగా పోసిన ఒడ్డు మీద పాత నాణెం కోసం వెతకడం దండగ.

వెళ్లే వేళ పోటును బట్టి చూసుకోవాలి. ఆటు పూర్తయ్యే టైముకి రెండు గంటల ముందు దిగి, పోటు మళ్లీ ఎక్కేదాకా వెతుకు. అమావాస్యకీ పున్నమికీ ఒకట్రెండు రోజులు అటూ ఇటూ నీళ్లు బాగా వెనక్కి పోతాయి. మిగతా రోజుల్లో నీటికింద ఉండే ఇసుక అప్పుడు బయటపడుతుంది. అందుకే మన తెలుగు క్యాలెండరు నా వంటింటి గోడకి ఎప్పుడూ ఉంటుంది.

ఇక మెషీన్. పొడి ఇసుకలో ఏదైనా పనిచేస్తుంది. తడి ఉప్పు ఇసుకలోనే తంటా. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే డిటెక్టర్ ఏమీ లేకపోయినా అరుస్తూనే ఉంటుంది. నువ్వు ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీల మీద నడిచే మల్టీ ఫ్రీక్వెన్సీది కొను. పల్స్ ఇండక్షన్ అనే ఇంకో రకం మెషీన్లు తడి ఇసుకలో ఇంకా లోతుకు పోతాయి, కానీ ఇనుమేదో వెండేదో అంతగా తేల్చి చెప్పవు. మేకు కోసం కూడా తవ్వుతూ కూర్చోవాలి. కొత్తవాళ్లకి అంత ఓపిక ఉండదు. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. అలల హోరులో సన్నటి శబ్దం చెవిన పడదు.

కాయిల్‌ని ఇసుకకి దగ్గరగా, సమానంగా ఉంచి నెమ్మదిగా ఊపు. రెండు చివర్లా పైకి లేపకు. చాలామంది అక్కడే నాణేలు వదిలేస్తారు. ముందు ఊపిన చోటుని సగం కలుపుకుంటూ కదులు. మెషీన్‌లో చెత్త శబ్దాలు రాకుండా ఆపే సెట్టింగు ఉంటుంది. దాన్ని ఎక్కువ పెట్టకు. డబ్బా మూతల అల్యూమినియం రింగూ బంగారు ఉంగరమూ మెషీన్‌కి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. మూత వద్దనుకుంటే ఉంగరం కూడా పోతుంది. నిలకడగా, రెండు వైపుల నుంచీ ఒకేలా వినిపించే ప్రతి శబ్దాన్నీ తవ్వు.

స్పెయిన్ నాణెమే కావాలని పట్టుబట్టకు. అమెరికా నాణేలు కూడా చూడ్డం నేర్చుకో. 1964 దాకా వచ్చిన డైములూ (పది సెంట్లవి) క్వార్టర్లూ (పాతిక సెంట్లవి) నూటికి తొంభై పాళ్లు వెండి. 1982లో సెంటు లోపలి రాగిని తీసి జింకు పెట్టారు. ఆ జింకు సెంట్లు ఉప్పు ఇసుకలో కొద్దికాలానికే పొక్కులొచ్చి తినేసుకుపోతాయి. 1965కి ముందువి గుంపుగా తగిలాయంటే ఆ పొర పాతదన్నమాట. అక్కడే ఇంకాస్త ఓపికగా వెతుకు.

స్పెయిన్ వెండి నాణేలు గుండ్రంగా ఉండవు. వెండిని ముక్కలుగా నరికి, బరువు సరిపోయేదాకా అంచులు కత్తిరించి, సుత్తితో కొట్టి అచ్చు వేసేవాళ్లు. ఎనిమిది రియాళ్ల (అప్పటి స్పెయిన్ డబ్బు) నాణెం సుమారు 27 గ్రాములు. సముద్రంలో నాని నల్లబడి, గుల్ల పెంకులా కనిపిస్తుంది. బంగారందయితే నిన్న పోయించినట్టే మెరుస్తుంది. నల్లటి ముక్క దొరికితే చీరకొంగుతో కూడా తుడవకు. మంచినీళ్లు పోసిన డబ్బాలో వేసి ఇంటికి తీసుకురా. చింతపండుతోనో నిమ్మకాయతోనో తోమితే అచ్చూ గుర్తులూ అన్నీ పోతాయి. ఎక్కడ దొరికిందో ఫోటో తీసి, తేదీ రాసి పెట్టుకో.

హద్దుల విషయంలో మాత్రం నా మాట జవదాటకు. నీళ్లలోకి దిగకు. నీటికింద నేల రాష్ట్రానిది, ఓడలు మునిగిన చోట్ల వెలికితీసే హక్కు కోర్టు ద్వారా పొందినవాళ్లు ఉన్నారు. కెనావెరల్ నేషనల్ సీషోర్ అనే కేంద్ర ప్రభుత్వపు రక్షిత తీరంలో డిటెక్టర్ వెంట ఉండటమే నేరం. స్టేట్ పార్కుల్లో గేటు దగ్గర అడక్కుండా మెషీన్ బయటికి తీయకు. దిబ్బల మీద గడ్డి తొక్కకు, దిబ్బ అంచు తవ్వకు. మార్చి 1 నుంచి అక్టోబరు 31 దాకా తాబేళ్లు గుడ్లు పెడతాయి. కర్రలు పాతి రిబ్బను కట్టిన చోటికి దూరంగా నడువు. తవ్విన ప్రతి గుంతా పూడ్చెయ్. పిల్ల తాబేలు అందులో పడితే సముద్రం చేరలేదు. దొరికిన మేకులూ గాలాలూ సంచిలో వేసుకురా, పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే చోటు.

వచ్చే ఏడు కాకినాడ వెళ్లినప్పుడు మెషీన్ తీసుకెళ్లి ఉప్పాడలో చూస్తానన్నావట. వద్దు. మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. నేలలో దాగిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలి. నూరేళ్లు దాటిన నాణేన్ని అనుమతి లేకుండా దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. ఉప్పాడ వెళ్లు, కానీ ఉత్త చేతులతో వెళ్లు. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత అక్కడివాళ్లు ఇసుకలో బంగారు ముక్కలు ఏరుకోవడం పేపర్లలో వచ్చింది. సముద్రం మింగేసిన ఇళ్లవీ గుళ్లవీ అని వాళ్లు చెబుతారు. ఏ మెషీనూ లేకుండా వేళ్లతో ఏరతారు. ఎటువైపు గాలి వీచిన తర్వాత దొరుకుతాయో, ఒడ్డున ఎక్కడ మొదలుపెడతారో, ఎక్కడికి వెళ్లరో వాళ్లని కూర్చోబెట్టి అడుగు. మరచిపోకుండా రాసుకుని నాకు పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ