స్టాంపు లేని కవరు, ఏడాది లేని తేదీ

అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) సైనికులు ఇళ్లకు రాసిన ఉత్తరాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: ఒక గ్రంథాలయం ఆన్‌లైన్లో పెట్టిన కవరు చూశాను. స్టాంపు లేదు. పైన ‘సోల్జర్స్ లెటర్’ అని చేతిరాత, దాని కింద ఒక మేజర్ సంతకం, పక్కన ‘డ్యూ 3’ అనే ముద్ర ఉన్నాయి. డబ్బు కట్టకుండానే ఉత్తరం ఎలా చేరింది?

డబ్బు కట్టారు. కాకపోతే పంపినవాళ్లు కాదు, అందుకున్నవాళ్లు కట్టారు. అప్పట్లో ఉత్తరాల రుసుము అర ఔన్సుకు, అంటే సుమారు 14 గ్రాములకు, 3 సెంట్లు. మామూలు జనం దాన్ని ముందే చెల్లించి స్టాంపు అంటించాలి. యూనియన్ (ఉత్తరాది) సిపాయి నెల జీతం 13 డాలర్లు కాబట్టి 3 సెంట్లు మోయలేని భారమేమీ కాదు. చిక్కల్లా స్టాంపు దగ్గరే వచ్చేది. జీతం నెలల తరబడి ఆలస్యమయ్యేది, గుడారాల పక్కన తపాలా కార్యాలయం ఉండేది కాదు. ఎలాగో కొని జేబులో పెట్టుకున్నా చెమటకూ వానకూ వెనకున్న జిగురు కరిగి స్టాంపులన్నీ ఒకే ముద్దయ్యేవి. 1862లో నాణేలు చలామణిలోంచి మాయమైతే జనం స్టాంపులనే చిల్లరగా వాడారు. దాంతో కరువు ఇంకా పెరిగింది.

1861 జులైలో చేసిన చట్టం ఈ చిక్కును తీర్చింది. కవరు మీద ‘సోల్జర్స్ లెటర్’ అన్న మాట, రెజిమెంటు పేరు, మేజర్ లేదా ఆ బాధ్యతలో ఉన్న అధికారి సంతకం ఉంటే చాలు, స్టాంపు లేకుండానే ఉత్తరం కదిలేది. ఆ 3 సెంట్లు ఇంటివాళ్ల దగ్గర వసూలు చేసేవారు. కమిషన్డ్ ఆఫీసర్లకు, అంటే లెఫ్టినెంటు, ఆపై హోదావాళ్లకు, ఈ సదుపాయం లేదు.

ఇక్కడ తేలిగ్గా జరిగే పొరపాటు ఒకటుంది. కవరు మీది సంతకం చూసి, ఉత్తరం రాసింది ఆ మేజరే అనుకుంటాం. అది ధ్రువీకరణ మాత్రమే. రాసినవాడి పేరు లోపలి కాగితం చివర వెతకాలి.

దక్షిణాది కాన్ఫెడరేట్ సైన్యంలోనూ ఇలాంటి ఏర్పాటే ఉండేది. అక్కడ సిపాయి తన పేరు, హోదా, రెజిమెంటు తానే కవరు మీద రాసుకుంటే సరిపోయేది. వాళ్ల రుసుము మొదట 500 మైళ్ల లోపు 5 సెంట్లు, ఆపైన 10 సెంట్లు. 1862 జులై 1 నుంచి దూరంతో పని లేకుండా అంతటా 10 సెంట్లే.

ప్రశ్న: చాలా ఉత్తరాల్లో తేదీ, నెల ఉంటాయి గానీ ఏడాది ఉండదు. పోస్ట్‌మార్కులోనూ కనిపించదు. ఎలా తేల్చాలి?

ముందు వారం పేరు ఉందేమో చూడండి. ‘ఫాల్మత్ దగ్గరి శిబిరం, ఆదివారం, మార్చి 15’ అని ఉందనుకుందాం. మార్చి 15 అనేది 1862లో శనివారం, 1863లో ఆదివారం, 1864లో మంగళవారం, 1865లో బుధవారం. అంటే 1863. ఇప్పుడు స్థలంతో సరిచూడండి. ఉత్తరాది వారి పొటోమాక్ సైన్యం 1862–63 చలికాలం గడిపింది వర్జీనియాలోని ఫాల్మత్ చుట్టుపక్కలే. రెండూ కలిశాయి కాబట్టి తేదీ ఖాయం. అదే సైన్యం ఆ మరుసటి చలికాలం బ్రాండీ స్టేషన్ దగ్గర ఉంది. 1864 జూన్ నుంచి 1865 ఏప్రిల్ దాకా పీటర్స్‌బర్గ్ ముందు కందకాల్లో ఉంది. ఈ మూడు పేర్లు గుర్తుంటే ఆ సైన్యపు ఉత్తరాలు చాలామటుకు దారికొస్తాయి.

వారం ఒక్కదాన్నే నమ్మకండి. శిబిరంలో రోజులు లెక్క తప్పడం మామూలే. జనవరి ఉత్తరాల్లోనైతే అలవాటు కొద్దీ పాత ఏడాదే వేసేస్తారు.

స్టాంపు కూడా సాక్ష్యమే. యుద్ధం మొదలయ్యేసరికి దక్షిణాది తపాలా కార్యాలయాల్లో పాత స్టాంపుల నిల్వలు ఉండిపోయాయి. వాటిని అక్కడివాళ్లు సొమ్ము చేసుకోకూడదని 1861 ఆగస్టు నుంచి ఉత్తరాది ప్రభుత్వం కొత్త స్టాంపులు తెచ్చి, పాతవాటిని చెల్లనివిగా ప్రకటించింది. కొత్త 3 సెంట్ల గులాబీ రంగు స్టాంపు ఉంటే ఆ ఉత్తరం అంతకు ముందుది కాదు. అయితే ముద్ర గీతలు స్టాంపు మీంచి కవరు కాగితం మీదికి సాగాయో లేదో తప్పక చూడాలి. స్టాంపు అంచు దగ్గరే గీత తెగిపోతే, దాన్ని తర్వాత ఎవరో అంటించారేమోనని అనుమానించాల్సిందే.

లోపలి రాతలో ‘ఇన్‌స్ట్.’ అంటే ఈ నెల, ‘అల్ట్.’ అంటే కిందటి నెల. ‘10వ ఇన్‌స్ట్. నాటి నీ ఉత్తరం’ అని ఉంటే ఇదే నెల 10న రాసినదని అర్థం.

ప్రశ్న: అడ్డంగా రాసిన వరుసల మీదే నిలువుగా మళ్లీ రాసిన పేజీ ఒకటి దొరికింది. ఒక్క ముక్కా అర్థం కావడం లేదు.

కాగితం కరువు, ముఖ్యంగా దక్షిణాదిన. అక్కడ వాడేసిన కవర్లను విప్పి లోపలివైపు బయటికి తిప్పి అతికేవారు, గోడలకు అంటించే రంగు కాగితంతోనూ కవర్లు చేసుకునేవారు. పేజీ నిండాక దాన్ని పావు తిప్పు తిప్పి పాత వరుసల మీదే రాసుకుపోవడం మాత్రం ఆ కరువులో పుట్టింది కాదు, యుద్ధానికి ముందునుంచీ ఉన్న పొదుపే.

చిత్రాన్ని రెండు ప్రతులు తీసి, ఒకదాన్ని 90 డిగ్రీలు తిప్పండి. ఒక్కో ప్రతిలో ఎదురుగా ఉన్న వరుసలనే చదవండి. వరుస కింద ఒక అట్టముక్క పెట్టుకుంటే కన్ను జారదు. ఇనుప లవణాలతో చేసిన సిరా కాలం గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. రంగుల స్కాన్‌లో నీలం ఛానల్‌ను మాత్రమే ఉంచితే ఆ అక్షరాలు సాధారణంగా నల్లగా తేలతాయి. పెన్సిలు రాతకు ఆ చిట్కా పనిచేయదు. అసలు కాగితం చేతిలో ఉంటే పక్కనుంచి వాలుగా వెలుతురు వేయండి, గ్రాఫైట్ మెరుస్తుంది.

స్పెల్లింగు దగ్గర ఆగిపోకండి, పైకి చదవండి. ‘నో’ (తెలుసు) అనే మాటను మొదటి అక్షరం, చివరి అక్షరం వదిలేసి రాస్తారు. చెవికి వినిపించినట్టే రాసినవాళ్లు వాళ్లు, కాబట్టి మన చెవికే అందుతారు. మొదటి రెండు వరుసలు చాలాసార్లు ‘కలం చేతబట్టి రాయునది, నేను క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను’ అనే ధోరణిలోనే ఉంటాయి. మన ‘ఉభయకుశలోపరి’ లాంటిదన్నమాట. ఏం రాసి ఉంటుందో ముందే తెలుసు కనుక ఆ వరుసల్లో అతని అక్షరాలను గుర్తుపట్టి, మిగతా పేజీకి తాళంచెవిగా వాడుకోండి. కంపెనీ (రెజిమెంటులోని చిన్న దళం) పేరు ‘జె’ లా కనిపిస్తే అది ‘ఐ’ అని చదవాలి. రెజిమెంట్లలో ఎ నుంచి కె దాకా కంపెనీలు ఉండేవి గానీ జె ఉండేది కాదు.

చివరి మాటలు దొరకకపోతే మొదటి పేజీ పై అంచున తలకిందులుగా చూడండి. చోటు అయిపోయాక అక్కడికే వచ్చేవారు.

ప్రశ్న: ఈ ఉత్తరాలను సైన్యం తెరిచి చదివేదా?

మామూలు సిపాయి ఉత్తరాలకు క్రమబద్ధమైన తనిఖీ లేదు. అందుకే దండు ఎటు కదులుతోందో, అధికారి ఎంత చేతకానివాడో దాచకుండా రాశారు. యుద్ధఖైదీల సంగతి వేరు. వాళ్లకు సాధారణంగా ఒక్క పేజీ, కుటుంబ విషయాలు మాత్రమే. చదివాక ‘ఎగ్జామిన్డ్’ అని ముద్ర. ఆ ఉత్తరాలు సంధి జెండా కింద, ఎక్కువగా వర్జీనియాలోని ఫోర్ట్ మన్రో మీదుగా, చేతులు మారేవి. రెండు ప్రభుత్వాల రుసుమూ కట్టాలి గనుక కొన్ని కవర్ల మీద ఇరుపక్షాల స్టాంపులూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ప్రశ్న: సిపాయి ఉత్తరాలు పింఛను దస్త్రాల్లో దొరుకుతాయని విన్నాను. అక్కడికెలా చేరాయి?

1862 జులై 14 నాటి చట్టం ప్రకారం చనిపోయిన సిపాయి భార్యకు పింఛను వచ్చేది. భార్యాపిల్లలు లేకపోతే అతని మీద ఆధారపడ్డ తల్లి అడగవచ్చు. సాధారణ సిపాయికైతే నెలకు 8 డాలర్లు. కొడుకు తనను పోషించేవాడని ఆ తల్లి రుజువు చేయాలి. యుద్ధంలో చాలాకాలం డబ్బు ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ కంపెనీల ద్వారానో, ఊరికి వెళ్లే తోటివాడి చేతనో వెళ్లింది. తపాలా మనీఆర్డరు 1864 నవంబరు 1న, అదీ 141 కార్యాలయాల్లోనే మొదలైంది. రసీదులు లేని చోట, ‘ఇంత పంపుతున్నాను, అద్దె కట్టు’ అని కొడుకు రాసిన కాగితమే సాక్ష్యం. తల్లులు వాటినే దరఖాస్తుకు జతచేశారు. చాలా ఉత్తరాలు తిరిగి ఇంటికి రాలేదు. ఇప్పటికీ వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ దస్త్రాల్లోనే ఉన్నాయి.

వెతకడానికి సిపాయి పేరు, రాష్ట్రం, రెజిమెంటు కావాలి. ముందు పింఛను సూచికలో పేరు చూసి, దరఖాస్తు సంఖ్య, సర్టిఫికెట్ సంఖ్య రెండూ రాసుకోండి. తల్లి దస్త్రమైనా సూచికలో కొడుకు పేరు కిందే ఉంటుంది. కాపీ కోరేటప్పుడు ఎంపిక చేసిన పత్రాలు కాదు, పూర్తి దస్త్రం అడగండి. ఉత్తరాలు జతపత్రాల్లో ఉంటాయి కాబట్టి సంక్షిప్త ప్రతిలో అవే జారిపోతాయి. కాన్ఫెడరేట్ సైనికుల పింఛన్లు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చినవి కావు, ఆయా రాష్ట్రాలు ఇచ్చినవి. వాటి కోసం ఆ రాష్ట్రాల ఆర్కైవ్స్‌నే అడగాలి.