జంతు సంరక్షణ, నియంత్రణ సిబ్బందిలో పురస్కారానికి అర్హులను ఎలా గుర్తించాలి?

ఎన్ని జంతువులను పట్టుకున్నారన్న లెక్క ఒక్కటే చూస్తే అసలైన ప్రతిభ మరుగున పడిపోతుంది. భయంతో మూలన నక్కిన కుక్కకు ఎదురుగా వెళ్లకుండా, పక్కకు తిరిగి కూర్చుని, దాని కళ్లలోకి సూటిగా చూడకుండా, అదే దగ్గరికి వచ్చి చెయ్యి వాసన చూసేదాకా ఓపిక పట్టగల ఉద్యోగి నైపుణ్యం ఏ నివేదికలోనూ కనిపించదు. అందుకే ప్రతిపాదనలు సహోద్యోగుల నుంచి, నిర్దిష్ట సంఘటనల వివరాలతో రావాలని నా అభిప్రాయం.

ప్రజారోగ్యానికి చేసిన మేలును కూడా లెక్కలోకి తీసుకోవాలి. మనుషులకు సోకే రేబిస్ కేసుల్లో దాదాపు 99 శాతం కుక్కల వల్లే వస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కనుక, తమ కుక్కలకు టీకాలు వేయించేలా యజమానులను ఒప్పించినవారి కృషి చిన్నది కాదు.

స్వచ్ఛంద సేవకుల విషయంలో నిలకడే ప్రధానం. తల్లిలేని పసి పిల్లికూనలకు రాత్రంతా రెండు మూడు గంటలకొకసారి సీసాతో పాలు పట్టడం ఎంతో కష్టమైన పని, పైగా అది ఎవరి కంటా పడదు.

అమెరికాలో ఏటా ఏప్రిల్ రెండో పూర్తి వారాన్ని ఈ సిబ్బంది పట్ల కృతజ్ఞత తెలిపేందుకే కేటాయించారు. పురస్కారాల ప్రదానానికి అది తగిన సందర్భం.