అసైన్‌మెంట్లలో 23 వచ్చాయి, సర్టిఫికెట్ మాత్రం రాలేదు!

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో, ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ వాళ్ల 12 వారాల డేటా స్ట్రక్చర్స్ కోర్సు చేశాను. అసైన్‌మెంట్లకు 25కి 23, పరీక్షలో 75కి 27 వచ్చాయి. మొత్తం 50. నలభై వస్తే పాస్ అన్నారు. మరి సర్టిఫికెట్ ఎందుకు రాలేదు?
– బీఎస్సీ విద్యార్థిని, భీమవరం

జవాబు: మొత్తం 40 దాటితే చాలదమ్మా. అసైన్‌మెంట్లలో 25కి కనీసం 10, పరీక్షలో 75కి కనీసం 30, రెండూ విడివిడిగా రావాలి. మీ 27 అంటే నూటికి 36. 75కి ఇంకో మూడు మార్కులు వస్తే గట్టెక్కేవారు. అసైన్‌మెంట్ల దగ్గర తప్పేవాళ్లు తక్కువ. పన్నెండింటిలో ఎక్కువ మార్కులొచ్చిన ఎనిమిదే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి, ఒకటి రెండు వారాలు పోయినా పర్వాలేదు.

మీరు ఆలోచించాల్సింది 23కీ 27కీ మధ్య ఉన్న తేడా గురించి. అసైన్‌మెంట్ ఇంట్లో, నోట్సు పక్కన పెట్టుకుని చేస్తాం. జవాబులు టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. పరీక్షేమో కేంద్రానికి వెళ్లి, పర్యవేక్షణలో, మూడు గంటలు రాయాలి. మీరు చూసి రాశారని అనడం లేదు. సొంతంగా చేసినవాళ్లకూ ఈ తేడా వస్తుంది. వీడియో నడుస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది మరి.

మీ సబ్జెక్టులోదే ఒకటి చూడండి. లింక్డ్ లిస్ట్ అంటే గొలుసులా ఒకదానికొకటి తగిలించిన డేటా; ఒక్కో కొక్కెం నోడ్, మొదటి నోడ్‌ను చూపేది హెడ్. దాని మొదట్లో కొత్త నోడ్ చేర్చాలి. ముందు కొత్త నోడ్‌ను పాత హెడ్‌కు తగిలించి, ఆ తర్వాతే హెడ్‌ను కొత్త నోడ్‌కు మార్చాలి. రెండే లైన్లు. చూస్తే చాలా తేలిక. కాగితం మీద రాయమంటే చాలామంది ముందు హెడ్ మార్చేస్తారు. దాంతో కొత్త నోడ్ తనకు తానే తగులుకుంటుంది, పాత లిస్టుకు వెళ్లే దారి పోతుంది. కాలేజీ ల్యాబ్‌లో అయితే మేడం వెనక నుంచి చూసి, ‘ఆ రెండు లైన్లూ తారుమారయ్యాయి’ అంటారు. ఆన్‌లైన్ చదువులో ఆ చెప్పే మనిషే ఉండరు. ఆ లోటు మీరే పూడ్చుకోవాలి.

సార్ ఉదాహరణ మొదలుపెట్టగానే వీడియో ఆపండి. పది నిమిషాలు మీరే చేసి, తర్వాత చూడండి. అరగంట వీడియోకు గంటన్నర పడుతుంది, పట్టనివ్వండి. నాలుగు రోజులాగి అదే లెక్క నోట్సు మూసి మళ్లీ చేయండి. రాకపోతే ఆ పాఠం ఇంకా రాలేదనే లెక్క. అదే కోర్సు చేసే స్నేహితురాలు ఒకరుంటే ఆదివారాలు నోట్సులు మార్చుకుని తప్పులు దిద్దుకోండి. ఇది అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. పరీక్షకు ముందు నెల రోజులు పాత అసైన్‌మెంట్లన్నీ జవాబులు చూడకుండా చేయండి.

మళ్లీ చేరే ముందు ఇంకో సంగతి. కోర్సు ఉచితమే గానీ పరీక్షకు విడిగా రిజిస్టర్ చేసుకుని ఫీజు కట్టాలి. పన్నెండు వారాల కోర్సుకు మామూలుగా 3 క్రెడిట్లు. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేయనివ్వవచ్చని యూజీసీ 2021 నిబంధనల్లో ఉంది. అయితే మీ యూనివర్సిటీ ఆ కోర్సును ఒప్పుకుందో లేదో చేరకముందే కాలేజీలో అడగండి. పరీక్షయ్యాక అడిగి లాభం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి వచ్చిన బీటెక్ సీటు వదిలేసి ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ డిగ్రీలో చేరతానంటున్నాడు. సరే అనమంటారా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: డేటా సైన్స్‌లో వాళ్లు 2020లో మొదలుపెట్టిన డిగ్రీ అది. జేఈఈ ర్యాంకు అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి, అసైన్‌మెంట్లు చేసి, క్వాలిఫయర్ పరీక్ష పాసవ్వాలి. పాఠాలు ఆన్‌లైన్‌లోనే అయినా పరీక్షలు కేంద్రానికి వెళ్లే రాయాలి. మధ్యలో మానేసినా, అప్పటికి పూర్తిచేసిన దశను బట్టి ఫౌండేషన్ సర్టిఫికెట్టో డిప్లొమానో చేతికొస్తుంది.

కానీ వచ్చేది బీఎస్ (బ్యాచిలర్ ఆఫ్ సైన్స్) డిగ్రీ, అది బీటెక్ కాదు. గ్రూప్-2 లాంటి వాటికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) పోస్టుకు మాత్రం ఇంజినీరింగే ఉండాలి. బీటెక్‌ను ఆన్‌లైన్‌లో నడపడానికి యూజీసీ అనుమతి లేదు. ఒక డిగ్రీ కాలేజీలో, ఇంకొకటి ఆన్‌లైన్‌లో ఒకేసారి చదవడానికి 2022 నుంచి వీలుంది. అందుకని సీటు వదలకుండా ముందు క్వాలిఫయర్ రాయించండి. ఆ నాలుగు వారాలూ మీరు గుర్తుచేయకుండా గడువులోపు అసైన్‌మెంట్లు పెట్టాడా లేదా గమనించండి. పెట్టకపోతే ఇంట్లో ఒంటరిగా నాలుగేళ్లు నెట్టుకురావడం చాలా కష్టం. పెడితే, అప్పుడు ఆ కాలేజీకి వెళ్లి మూడో సంవత్సరం పిల్లలతో మాట్లాడండి. ల్యాబులు సరిగా నడవడం లేదని, పాఠం చెప్పేవాళ్లు లేరని వాళ్లంటే, లక్షలు పోసి ఆ సీటు పట్టుకుని ఉండాల్సిన పని లేదు. అబ్బాయి మాటే వినండి.

ప్రశ్న: ఆన్‌లైన్ ఎంబీఏ ప్రకటనలు రోజూ వస్తున్నాయి. చెల్లుతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?
– ప్రైవేటు ఉద్యోగిని, విజయవాడ

జవాబు: యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ పేరు ఒక్కటే చూస్తే సరిపోదు. ఎంబీఏ కోర్సుకు, మీరు చేరే సెషన్‌కు, ఆన్‌లైన్ విధానానికి అనుమతి ఉందో లేదో మూడూ చూడండి. అనుమతి ఉంటే రెగ్యులర్ డిగ్రీతో సమానమే. మీ వీధిలోని ‘స్టడీ సెంటర్’ వాళ్లు అడ్మిషన్ ఇప్పిస్తామంటే నమ్మకండి, ఫ్రాంచైజీ పద్ధతికి అనుమతి లేదు. చేరే ముందు మీరే డెబ్ ఐడీ, అంటే ఆ దూరవిద్య విభాగం విద్యార్థికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, తీసుకోవాలి. అది అడగకుండా ఫీజు కట్టమన్నారంటే కట్టకండి.