మిర్చి యార్డులో కూర్చునే ముందు

చి. అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, ఎండలు మాత్రం అప్పుడే ముదిరాయి. నువ్వు వాట్సాప్‌లో పంపినది మెసేజ్ అనడానికి లేదు, ఉత్తరమే. రెండుసార్లు చదివాను. ఉద్యోగం మానేసి వీడియో ఆర్ట్‌లోకి, జనం ఎదుట తన ఒంటితో చేసే పనినే కళగా చూపించే పర్ఫార్మెన్స్ ఆర్ట్‌లోకి పూర్తిగా దిగుతానన్నావు. మొదటి పనిగా మా గుంటూరు మిర్చి యార్డులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిరపకాయల రాశి మీద కదలకుండా కూర్చుంటానన్నావు. మీ అమ్మ రెండు రోజులుగా నీతో మాట్లాడటం లేదన్నావు. మూడింటికీ జవాబు చెప్తాను, వరస మాత్రం నా ఇష్టం.

ముందు మిర్చి సంగతి. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆర్టిస్టు అనగానే ఢిల్లీలోనో కొచ్చిలోనో ప్రదర్శనలు కూర్చే క్యురేటర్‌కి మిరపకాయే గుర్తొస్తుంది. ఎర్రటి రాశి, తెల్లచీర కట్టుకున్న అమ్మాయి, పైనుంచి డ్రోన్ షాట్. ఫొటో అదిరిపోతుంది, కాదనను. కానీ ఆ ఫొటో నీకూ నాకూ ఇప్పుడే కళ్ళకు కట్టేసింది కదా, ఇంక రోజంతా కూర్చోవడం దేనికి? పది నిమిషాలు కూర్చుని ఫొటో తీయించుకుని రావచ్చు. రోజంతా కూర్చుంటే తప్ప బయటపడనిది ఏదో ఒకటి ఉండాలి. అదేమిటో తెలియాలంటే కెమెరా లేకుండా వారం రోజులు యార్డుకి ఊరికే వెళ్ళు. యార్డుకి వేసవి సెలవులు ఇచ్చేలోపే వెళ్ళు, ఆ తర్వాత అక్కడ ఏమీ ఉండదు. టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, మోసే హమాలీలను చూడు. రాత్రంతా సరుకు పక్కనే పడుకుని, పొద్దున్నే ధర వినడానికి నిలబడ్డ రైతు మొహం చూడు. చుట్టుపక్కల షెడ్లలో తొడిమలు తీసే ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, సాయంత్రం ఇంటికెళ్ళాక ఆ చేతులతో అన్నం ఎలా తింటారో, చంటిపిల్లను ఎలా ఎత్తుకుంటారో అడుగు. ఏళ్ళ తరబడి వాళ్ళు ఆ ఘాటులోనే కూర్చుంటున్నారు. నువ్వు ఒక్కరోజు కూర్చుని పేరు తెచ్చుకుంటావు. ఈ మాట నిన్ను ఎవరో ఒకరు అడిగి తీరతారు. అప్పుడు చెప్పడానికి నీ దగ్గర ఏదైనా ఉండాలి.

వాళ్ళు ఫ్రేములోకి వస్తుంటే అడిగే తియ్యి. నీకోసం పని ఆపుకుని నిలబడితే ఆ పూట కూలి ఇవ్వు, ఆ డబ్బు బడ్జెట్‌లో ముందే రాసి పెట్టుకో. పిల్లల జోలికి వెళ్ళకు.

ఒంటి విషయం కూడా మాట్లాడుకోవాలి. 1974లో మారీనా అబ్రమోవిచ్ అనే పర్ఫార్మెన్స్ ఆర్టిస్టు ఇటలీలోని నేపుల్స్‌లో ఒక బల్ల మీద 72 వస్తువులు పెట్టి, ఆరు గంటలపాటు వాటితో తనను ఎవరేం చేసినా కదలనని నిలబడింది. గులాబీ ఉంది, తేనె ఉంది, తుపాకీ, తూటా కూడా ఉన్నాయి. చివరికి ఆ తుపాకీ ఆమెకే గురిపెట్టేదాకా వచ్చింది. ఆమె ధైర్యం గురించి అందరూ రాస్తారు. ఆ జనంలోనే కొందరు అడ్డుపడి ఆపారన్నది నాకు అంతకన్నా ముఖ్యం. యార్డులో నీకు అడ్డుపడేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారని అనుకోకు. నీ పక్కన ఒక మనిషిని పెట్టుకో. నువ్వు వద్దన్నా పని ఆపించే హక్కు ఆ మనిషికి ముందే ఇచ్చెయ్యి. వేసవి ఎండలో 45 డిగ్రీల వేడికి, మిర్చి ఘాటుకి కళ్ళు తిరగడం కళ కాదు, 108కి పని.

ఇంకో మనిషి కూడా కావాలి, జనంతో మాట్లాడటానికి. మన జిల్లా పొన్నెకల్లు నాజర్ గారి బుర్రకథ గురించి మీ తాతయ్య చెప్తుంటే వినే ఉంటావు. కథకుడు కథలో ఉంటే, పక్కన హాస్యం వంత జనం తరఫున అడ్డం తగిలి అడగాల్సినవి అడిగేస్తాడు. నీ చుట్టూ మూగినవాళ్ళు ‘ఏం షూటింగమ్మా?’, ‘హీరో ఎవరు?’, ‘అమ్మాయికి ఒంట్లో బాలేదా?’ అని అడుగుతూనే ఉంటారు. వాళ్ళకు నవ్వుతూ జవాబు చెప్పేవాళ్ళు లేకపోతే నువ్వే నోరు విప్పాల్సి వస్తుంది, అంతటితో పని చెడుతుంది. అలాగని ‘పర్ఫార్మెన్స్ ఆర్ట్ మనకు పగటివేషాల కాలం నుంచే ఉంది’ అని అప్లికేషన్‌లో రాయకు. చదివేవాళ్ళు ఆ వాక్యం చూసి చూసి అలిసిపోయి ఉంటారు.

పర్మిషన్లు: మార్కెట్ కమిటీ కార్యదర్శికి తెలుగులో ఒక అర్జీ, పోలీస్ స్టేషన్‌కు ఒక కాపీ. ధర్నా కాదు, ప్రచారం కాదు, ఇంతమందిమి, ఇన్ని గంటలకు మొదలు, ఇన్నింటికి అయిపోతుంది అని రాయి. ‘కాన్సెప్ట్’ గురించి ఒక్క ముక్క కూడా వద్దు. మీ బెజవాడలో బ్యారేజీ మీదో బీసెంట్ రోడ్డులోనో చేసినప్పుడు సభలకు, ఊరేగింపులకు పోలీసుల అనుమతి కావాలనే సెక్షన్ 30 అమల్లో ఉందేమో, జనం గుమిగూడొద్దనే పాత 144 బదులు ఇప్పుడున్న సెక్షన్ 163 పెట్టారేమో కనుక్కుని మరీ వెళ్ళు. ‘మీదే పార్టీ?’ అని కానిస్టేబుల్ అడగడం ఖాయం. కోపం తెచ్చుకోకు.

ఇప్పుడు అసలు విషయం. పెయింటింగ్ వేసినవాళ్ళకు కాన్వాస్ మిగులుతుంది. సాయంత్రం నువ్వు రాశి మీంచి లేచాక నీకు మిగిలేదేమిటి? తైవాన్ నుంచి న్యూయార్క్ వెళ్ళిన టెచింగ్ షే అనే ఆయన 1980 ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు, పగలూ రాత్రీ గంట గంటకీ ఫ్యాక్టరీ కార్మికుడిలా టైమ్ క్లాక్‌లో కార్డు పంచ్ చేశాడు. చేసిన ప్రతిసారీ ఫిల్ము మీద ఒక్క ఫ్రేము తీశాడు. ఏడాది మొత్తం కలిపితే ఆరు నిమిషాల సినిమా అయింది. మొదట్లో గుండు చేయించుకున్నాడు కాబట్టి జుట్టు పెరగడం చూస్తే కాలం కదిలిందని తెలిసిపోతుంది. కార్డుల మీద సాక్షి సంతకం ఉంది. 8,760 సార్లు చేయాల్సిన పంచ్‌లలో 133 తప్పాయి. అవి ఎందుకు తప్పాయో, నిద్రపోయా, ఆలస్యమయ్యా, అన్నది కూడా లెక్క రాసి పెట్టాడు. ఆ లెక్కే లేకపోతే ఒక మనిషి ఏడాదంతా సరిగ్గా నిద్రపోలేదు, అంతే.

కాబట్టి కెమెరా ఎక్కడ పెట్టాలో, లెక్క ఎలా రాయాలో కూర్చోవడానికి ముందే తేల్చుకో. కదలని వైడ్ షాట్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా నడవాలి. ఫొటోలకు వేరే మనిషి. తేదీ, చోటు, వ్యవధి, ఎవరెవరున్నారు, ఎక్కడ ఆగావు, అన్నీ ఆ రాత్రే రాయి. మాస్టర్ ఫైలు మూడు కాపీలు చేసి, వాటిలో ఒకటి మా ఇంట్లో పెట్టు. మన కోస్తా తేమకు నా కాలం టేపులు బూజు పట్టిపోయాయి. హార్డ్ డిస్కులు బూజు పట్టవు గానీ చెప్పకుండా చస్తాయి.

వీడియోను ఎలా చూపించాలో కూడా ఒక కాగితం మీద రాసి ఫైలుతో పాటే పంపు: గోడ మీద ఎంత సైజు, గది ఎంత చీకటి, సౌండ్ హెడ్‌ఫోన్స్‌లోనా స్పీకర్లోనా, లూప్ ఉందా లేదా. ఒక గ్యాలరీవాళ్ళు నా వీడియోను సౌండ్ తీసేసి నడుపుతుంటే, ఆ కాగితమే చూపించి పెట్టించాను. అమ్మితే ఎడిషన్‌గా, అంటే ఇన్ని కాపీలే అని లెక్క కట్టి, అమ్ముతారు. మూడో ఐదో కాపీలు, నీకోసం ఒకటో రెండో ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు, ఒక్కోదానికి నీ సంతకంతో సర్టిఫికెట్. ఎడిషన్ ఎన్నో ఒకసారి చెప్పాక ఇంకొకటి పెంచకూడదు. మొదటి కొన్నేళ్ళు ఏదీ అమ్ముడుపోదు, ఆ టెన్షన్ పెట్టుకోకు. కానీ చూపించినందుకు ఆర్టిస్ట్ ఫీజు అడుగు. ‘ఎక్స్‌పోజర్ వస్తుంది’ అంటే ప్రొజెక్టర్ అద్దె ఎవరు కడతారని అడుగు. నీ దగ్గరే డబ్బు తీసుకుని ప్రదర్శన పెడతామనేవాళ్ళ దగ్గరికి అసలు పోకు.

డబ్బు మాటకొస్తే ఉద్యోగం మానెయ్యి, సంపాదన మానకు. పెళ్ళి వీడియోల ఎడిటింగ్ పట్టుకో. విజయవాడలో ఆ పనికి కరువు లేదు. నీ తోటి ఆర్టిస్టులు మొహం చిట్లిస్తారు, చిట్లించనీ. ముహూర్తాలున్నప్పుడు రాత్రింబవళ్ళు చేసి, ఆషాఢం, శూన్యమాసం, మూఢం వచ్చినప్పుడు నీ పని చేసుకో. మూఢమంటే ఫొటోగ్రాఫర్లందరికీ దిగులు, నీకు మాత్రం అదే సీజన్. లైవ్‌లో కెమెరా మార్చడం, మనుషుల్ని ఇబ్బంది పెట్టకుండా దగ్గరగా తీయడం ఏ కాలేజీలోకన్నా అక్కడే బాగా వస్తాయి.

గ్రాంట్లు, ఒక చోట ఉండి పని చేసుకోనిచ్చే రెసిడెన్సీల గురించి నీకు నాకన్నా ఎక్కువే తెలుసు. 1997 నుంచి ఉన్న ఢిల్లీ ఖోజ్, నిఖిల్ చోప్రా వాళ్ళు గోవాలో నడిపే హెచ్‌హెచ్ ఆర్ట్ స్పేసెస్, ఈ రెండూ పర్ఫార్మెన్స్ తెలిసిన చోట్లు. గ్రాంట్లిచ్చే బెంగళూరు ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్‌కి ప్రతిపాదన తెలుగులోనే రాసి పంపొచ్చు. ఎక్కడికి పంపినా ముందు తెలుగులో రాసుకో. మీ నాన్నకు చదివి వినిపించు, ఆయన ‘అయితే?’ అన్న చోటల్లా కొట్టెయ్యి.

మీ అమ్మ సంగతి. వీడియో ఆర్టిస్టు నళినీ మలానీ 1969లోనే బొంబాయిలో ఫిల్ముతో ప్రయోగాలు మొదలుపెట్టింది, జపాన్‌వాళ్ళిచ్చే పెద్ద అవార్డు క్యోటో ప్రైజ్ వచ్చింది 2023లో. ఇలాంటి కథలు నీకు ధైర్యం, మీ అమ్మకు భయం. ఆమెకు చెప్పకు. నెలకు ఎంత వస్తుంది, ఎన్నాళ్ళు ఇలా చూస్తావు, ఈ రెండూ కాగితం మీద వేసి చూపించు. దానికి కావాల్సింది అదే, నా చెల్లెలు కాబట్టి నాకు తెలుసు. ఆదివారం నేనే వచ్చి మాట్లాడతాను, అప్పటిదాకా వాదించకు.

యార్డులో పక్కన ఉండి ఆపించే మనిషి గురించి చెప్పాను కదా, ఎవరూ దొరక్కపోతే నేనొస్తాను. కుర్చీ ఒకటి నీడలో వేయించు.

మీ పెద్దమ్మ
బ్రాడీపేట, గుంటూరు